వ్యాసానికి నమ్మదగ్గ ఆధారాలు ఆన్‌లైన్‌లో వెతకడం ఎలా: గోదావరి జిల్లాల విద్యార్థుల కోసం

డిగ్రీ వ్యాసాల చివర, ఆధారాలు రాయాల్సిన చోట "గూగుల్, వికీపీడియా, యూట్యూబ్" అని మూడు మాటలు రాసి ఇచ్చేసేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పిల్లలది తప్పు అనలేను. ఇంటర్ దాకా గైడు చూసి రాస్తే చాలన్నాం, డిగ్రీకి రాగానే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రాయి, సెమినార్ పేపర్ రాయి అంటున్నాం, మధ్యలో వెతకడం ఎలాగో పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినవాళ్లు తక్కువ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను. కాకినాడలో ఉన్నా, అమలాపురంలో ఉన్నా, భీమవరంలో ఉన్నా, చేతిలో ఫోను ఒక్కటే ఉన్నా చేయగలిగిన పనులే చెబుతాను. ఉదాహరణలు కూడా మన డెల్టావే తీసుకుంటాను. తెలిసిన ఊరి గురించి వెబ్‌లో తప్పు కనిపిస్తే వెంటనే పట్టుకోగలం, ఆ కన్ను అలవాటైతే తెలియని విషయాల్లోనూ పనికొస్తుంది.

ఒక్క సంగతి ముందే తేల్చుకుందాం. గూగుల్ ఆధారం కాదు, ఆధారం దాకా దారి చూపించేది మాత్రమే. ఆధారం అంటే ఆ సంగతిని మొదట కొలిచినవాళ్లు, లెక్కపెట్టినవాళ్లు, కళ్లతో చూసి రాసినవాళ్లు. పొలం బోదెలో నీళ్లు ఎక్కడివో తెలియాలంటే గట్టు పట్టుకుని పైకి నడుస్తూ లాకుల దాకా వెళ్లాలి కదా, ఒక అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికీ అలాగే వెనక్కి నడవాలి. కింద చెప్పేవన్నీ ఆ నడకకు పనికొచ్చే పద్ధతులే.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి

"గోదావరి డెల్టా" అని వెతికితే లక్షల పేజీలు వస్తాయి, ఒక్కటీ పనికిరాదు. "గోదావరి డెల్టాలో సముద్రతీరం ఎందుకు కోతకు గురవుతోంది, పైన కట్టిన ఆనకట్టలకు దానితో సంబంధం ఉందా" అని ఒక వాక్యంగా రాసుకోండి. వాక్యం చివర ప్రశ్న గుర్తు పెట్టగలగాలి, పెట్టలేకపోతే ఇంకా అది టాపిక్కే, ప్రశ్న కాలేదు.

తర్వాత ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఏమేం తెలియాలో కాగితం మీద రాసుకోండి. తీరం ఎంత వెనక్కి జరిగింది? ఉపగ్రహ చిత్రాలు చూసి కొలిచినవాళ్లు కావాలి. నదిలో ఒండ్రు ఎంత తగ్గింది? ఏళ్ల తరబడి నీటి నమూనాలు తీసినవాళ్ల లెక్కలు కావాలి. ఆనకట్టలు ఎప్పుడు కట్టారు? ప్రభుత్వ రికార్డులు చాలు. ఊళ్లో జనం ఏమనుకుంటున్నారు? వార్తాపత్రిక, లేదంటే మీరే వెళ్లి మాట్లాడాలి. చూశారా, ఒక్క ప్రశ్నకు నాలుగు రకాల ఆధారాలు కావాలి. "మంచి వెబ్‌సైట్ ఏది సార్?" అని అడిగితే నేను చెప్పలేను, "దేనికి మంచిది?" అని తిరిగి అడుగుతాను.

ఆ సంగతి ఎవరికి తెలిసి ఉంటుంది?

వెతికే ముందు ఒక్క నిమిషం ఆగి ఇది అడగండి. సెర్చ్ ఇంజన్ కన్నా ముందు మీ బుర్రలో మొదలవ్వాల్సిన వెతుకులాట ఇది. వరి రకాల గురించి రాస్తుంటే మారుటేరు పరిశోధన స్థానం ఉంది, స్వర్ణ అని మనం పిలిచే ఎంటీయూ 7029 అక్కడ పుట్టిందే. కొబ్బరి అయితే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం. రొయ్యల చెరువుల గురించైతే చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, దాన్నే సీబా అంటారు. వరదల లెక్కలకు కేంద్ర జల సంఘం, తుపాన్లకు భారత వాతావరణ శాఖ. మడ అడవులకైతే అటవీ శాఖ, భారత అటవీ సర్వే. సంస్థ పేరు తెలిస్తే ఆ పేరుతో కలిపి వెతకండి, సగం చెత్త అక్కడే పోతుంది.

ఎక్కడ వెతకాలి

మామూలు గూగుల్ కాకుండా గూగుల్ స్కాలర్‌తో మొదలుపెట్టండి. పరిశోధన పత్రాలు, థీసిస్‌లు, పుస్తకాలు వస్తాయి. ప్రతి ఫలితం కింద చిన్న అక్షరాల్లో కొన్ని లింకులుంటాయి, చాలామంది వాటిని నొక్కనే నొక్కరు, అసలు సొమ్మంతా అక్కడే ఉంది. ఈ పత్రాన్ని తర్వాత ఎంతమంది ఉదహరించారో చూపించే లింకు నొక్కితే అదే విషయం మీద తర్వాత వచ్చిన పనులన్నీ వరసగా వస్తాయి, అంటే 2004 నాటి ఒక మంచి పత్రం దొరికితే అక్కణ్ణుంచి ఈ ఏడాది దాకా రావచ్చు. అన్ని ప్రతులనూ చూపించే లింకు ఇంకొకటి ఉంటుంది, డబ్బులు అడిగే పత్రం ఉచిత కాపీ చాలాసార్లు అందులో బయటపడుతుంది.

డబ్బు కట్టి చదవాల్సి వస్తుందని టెన్షన్ పడకండి. అన్‌పేవాల్ అనే ఉచిత బ్రౌజర్ పొడిగింపు ఉంది, చట్టబద్ధంగా ఉచితంగా ఉన్న కాపీ ఎక్కడైనా ఉంటే అది చూపిస్తుంది. ఉచిత పత్రికల జాబితా డీఓఏజే ఉంది. మన దేశంలో పీహెచ్‌డీ థీసిస్‌లన్నీ పెట్టే శోధ్‌గంగను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతోంది, అందులో ఆంధ్రా యూనివర్సిటీ థీసిస్‌లు తిరగేయండి, మన డెల్టా మీద భూగోళం, భూగర్భశాస్త్రం, ఆర్థికశాస్త్రం వాళ్లు చేసిన పని చాలా ఉంది. థీసిస్ మొత్తం చదవనక్కర్లేదు. రెండో అధ్యాయంలో అంతకుముందు ఎవరెవరు ఏం రాశారో వాళ్లే వరసగా చెప్పి ఉంటారు, అది మీకు రెడీమేడ్ పట్టిక. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలోనూ వెతకండి.

పాత చరిత్ర కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్. హెమింగ్వే అనే ఐసీఎస్ అధికారి రాసిన 1907 నాటి గోదావరి జిల్లా గెజిటీర్ (జిల్లా సంగతులన్నీ ఒకచోట కూర్చిన ప్రభుత్వ పుస్తకం), అంతకుముందు 1878లో హెన్రీ మోరిస్ రాసిన గోదావరి జిల్లా వర్ణన, ఇవి స్కాన్ చేసి పెట్టి ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. రాజమండ్రి దగ్గర్లో ఉన్నవాళ్లు గౌతమీ గ్రంథాలయానికి కూడా వెళ్లండి. ఆన్‌లైన్ గైడులో లైబ్రరీ ఎందుకంటారేమో, నెట్‌లో సగం దొరికిన పుస్తకం మిగతా సగం ఒక్కోసారి అక్కడే ఉంటుంది.

ఏ మాటలతో వెతకాలి

ఇక్కడ మన ప్రాంతం వాళ్లకు ఒక చిక్కు ఉంది. మన ఊళ్ల పేర్లు ఇంగ్లిషులో కాలానికో రకంగా రాశారు. కాకినాడను పాత రికార్డుల్లో కొకనాడ అన్నారు, ఏలూరును ఎల్లోర్ అన్నారు, కోరంగిని కోరింగ అన్నారు. ధవళేశ్వరానికైతే ఒక్కో పుస్తకంలో ఒక్కో స్పెల్లింగ్. గోదావరి అనే పేరునే పాతవాళ్లు చివర ఇ, ఆర్, వై అక్షరాలతో రాసేవారు. 19వ శతాబ్దం సంగతి వెతుకుతూ ఇప్పటి స్పెల్లింగే కొడితే అసలు పత్రాలు రావు, వాటిని చూసి ఇప్పుడెవరో రాసిన పేజీలే వస్తాయి. కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ వేసి వెతకండి. తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి వెతకండి.

ఇంకో మూడు కిటుకులు. పదాలను కోట్స్‌లో పెడితే ఆ వరసలోనే వెతుకుతుంది. సైట్ అనే ఇంగ్లిష్ మాట కొట్టి, ఖాళీ ఇవ్వకుండా కోలన్ పెట్టి, వెంటనే జీఓవీ డాట్ ఇన్ అని రాస్తే ప్రభుత్వ సైట్లలోనే వెతుకుతుంది, ఏసీ డాట్ ఇన్ అని రాస్తే విద్యాసంస్థల సైట్లలోనే. ఫైల్‌టైప్ అని రాసి కోలన్, పీడీఎఫ్ అని పెడితే నివేదికలు పైకి వస్తాయి. ఈ మూడూ కలిపి వాడటం వచ్చినవాడికి, రాని వాడికి మధ్య తేడా ఒక పూట పని.

దొరికిన పేజీని తూచడం: ముందు అందులోంచి బయటికి రండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మనం మామూలుగా ఏం చేస్తాం? పేజీ తెరుస్తాం, డిజైన్ బాగుందా, రచయిత పేరుందా, తేదీ ఉందా, చివర ఓఆర్‌జీ అని ఉందా అని ఆ పేజీలోనే చూస్తాం. అందంగా పేజీ తయారు చేయడం ఇప్పుడు ఎవరికైనా అరగంట పని, ఓఆర్‌జీ చిరునామా డబ్బులు కడితే ఎవరికైనా ఇస్తారు.

స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం బయటపెట్టారు. పీహెచ్‌డీ ఉన్న చరిత్రకారులు 10 మంది, వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవాళ్లు 10 మంది, స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు 25 మంది, అందరికీ వెబ్‌సైట్లు చూపించి నమ్మవచ్చా లేదా తేల్చమన్నారు. పిల్లల వైద్యం మీద పేర్లు దాదాపు ఒకేలా ఉన్న రెండు అమెరికా సంస్థల సైట్లు అందులో ఉన్నాయి, ఒకటి వేలమంది డాక్టర్లున్న పెద్ద సంఘం, రెండోది దానికి పోటీగా పుట్టిన చిన్న గుంపు. విద్యార్థులు చాలామంది, చరిత్రకారుల్లో కొందరు కూడా పేజీని పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి తికమకపడ్డారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు మాత్రం పేజీని సరిగ్గా చదవకుండానే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఈ సంస్థ గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూసి, తక్కువ టైములో సరైన జవాబు చెప్పారు. పక్కకు చదవడం అంటారు దీన్ని.

మీరూ అదే చేయండి. సంస్థ పేరు కొట్టి, దాని సొంత సైట్ మినహాయించి మిగతావి చూడండి. ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎవరిది, ఇంతకుముందు దాని మీద గొడవలున్నాయా? రచయిత పేరు స్కాలర్‌లో కొట్టండి, ఇదే రంగంలో ఇంకేమైనా రాశారా? భౌతికశాస్త్రం ప్రొఫెసర్ గారు గొప్పవారే కావచ్చు, తూర్పు చాళుక్యుల శాసనాల మీద వారి మాట ఆధారం కాదు.

భీమవరం వైపు వనామీ రొయ్యల రోగాల గురించి వెతికే కుర్రాళ్లకు ముందుగా వచ్చేవి మేత కంపెనీల, మందుల కంపెనీల పేజీలు. తెలుగులో చక్కగా, బొమ్మలతో సహా రాస్తారు. అందులో ఉన్నదంతా అబద్ధమని కాదు, కానీ రాసినవాళ్లే ఆ డబ్బా అమ్ముతున్నారు. "ఈ కంపెనీ ఇలా చెప్పుకుంటోంది" అని రాయడానికి అది ఆధారం, "ఈ మందు పనిచేస్తుంది" అని రాయడానికి కాదు. రెండో మాటకు సీబా నివేదికో, అమ్మకంతో సంబంధం లేనివాళ్లు చేసిన పరీక్షో కావాలి.

ఒక అంకె వెంట నడిచి చూద్దాం

కోరంగి తుపాను అని వెతకండి. 1839 నవంబరులో వచ్చిన తుపానులో మూడు లక్షల మంది చనిపోయారని, 20,000 ఓడలు ధ్వంసమయ్యాయని ఎన్నో పేజీలు చెబుతాయి, ప్రపంచంలోనే ఘోరమైన తుపాన్ల జాబితాల్లో కూడా పెడతారు. చాలా చోట్ల ఉంది కాబట్టి నిజమే అనుకుని వ్యాసంలో రాసేస్తారు.

ఇప్పుడు గట్టు పట్టుకుని పైకి వెళ్దాం. మొదటి పేజీలో ఆ అంకెకు లింకు ఉందా? ఉంటే నొక్కండి, అది ఇంకో జాబితాకు తీసుకెళ్తుంది. ఆ జాబితా ఇంకో జాబితాకు. వాక్యాలు కూడా అవే, 40 అడుగుల అల, 20,000 ఓడలు, అదే వరసలో. పదిమంది చెప్పినట్టు కనిపించేది ఒక్కడు చెప్పింది తొమ్మిదిమంది ఎత్తి రాసుకున్నది కావచ్చు. అలాంటప్పుడు పది ఆధారాలు ఉన్నట్టు కాదు, ఒక్కటే ఉన్నట్టు.

తర్వాత అంకెను ఇంగితంతో కొలవండి. 1871 జనాభా లెక్కల్లో గోదావరి జిల్లా మొత్తం సుమారు 16 లక్షలు. అంతకు ముప్పై ఏళ్ల ముందు ఒకే రాత్రి మూడు లక్షల మంది పోయి ఉంటే ఆ రోజుల శిస్తు రికార్డులు, కలెక్టర్ల ఉత్తరాలు దాంతోనే నిండిపోవాలి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ రాజమండ్రి జిల్లా ఎందుకు చితికిపోయిందో వివరిస్తూ మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు, తుపాను జరిగి ఐదేళ్లే అయింది, మూడు లక్షల ప్రాణాలు పోయి ఉంటే అందులో కనిపించాలి. 20,000 ఓడలు అంటే చిన్న పడవలతో కలిపి అయినా ఆ రేవులో పడతాయా? ఈ ప్రశ్నలు వేసుకుని, ఆ కాలానికి దగ్గరగా రాసిన వాటి దగ్గరకు వెళ్లాలి. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతం తుపాన్ల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి గురించి రాశాడు, సైక్లోన్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. 1789లో కోరంగి మీదికి మూడు పెద్ద అలలు వచ్చిన తుపాను సంగతి వేరే ఉంది, దానికి 20,000 మంది చనిపోయారనే అంకె ప్రచారంలో ఉంది. 20,000 అనే అంకె 1789లో మనుషులకు, 1839లో ఓడలకు రావడం చూస్తే రెండు కథలు ఎక్కడో కలిసిపోయాయేమో అనే అనుమానం నాకు గట్టిగానే ఉంది. అది నా అనుమానమే, వ్యాసంలో అనుమానంగానే రాయాలి.

మరి వ్యాసంలో ఏం రాయాలి? "1839 నవంబరులో కోరంగిని పెద్ద తుపాను ముంచింది. మూడు లక్షల మంది చనిపోయారనే అంకె విస్తృతంగా ప్రచారంలో ఉన్నా, దానికి సమకాలీన ఆధారం చూపించిన రచన నా వెతుకులాటలో కనిపించలేదు" అని రాయండి, నిజంగా వెతికి కనిపించకపోతేనే. ఏ లెక్చరరైనా ఈ రెండు వాక్యాలకు ఇచ్చే మార్కులు, ఆ మూడు లక్షలకు ఇవ్వరు. అంతకన్నా ముఖ్యం, ఇది మన పూర్వీకుల చావుల లెక్క, దాన్ని తేలిగ్గా రాయకూడదు.

ప్రభుత్వ లెక్కలూ చూసి వాడాలి

ప్రభుత్వ సైట్ కాబట్టి కళ్లు మూసుకుని రాసేయొచ్చు అనుకోకండి. లెక్క కరెక్టే ఉంటుంది, మనం వాడే పద్ధతి తప్పు అవుతుంది.

2011 జనాభా లెక్కల్లో తూర్పు గోదావరి జిల్లా జనాభా సుమారు 51.5 లక్షలు. ఆ అంకె ఇప్పటి తూర్పు గోదావరికి వేస్తే ఘోరమైన తప్పు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కాకినాడ, కోనసీమ విడిపోయాయి, రంపచోడవరం వైపు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది, అంతవరకు పశ్చిమలో ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పులోకి వచ్చాయి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. పేరు అదే, నేల వేరు. పాతకాలం సంగతీ ఇంతే, పశ్చిమ గోదావరి జిల్లా పుట్టిందే 1925లో, అంతకుముందు గెజిటీర్‌లో గోదావరి జిల్లా అంటే ఏ తాలూకాలో ముందు పేజీల్లో చూసుకోవాలి. పదేళ్ల అక్షరాస్యతను పోలుస్తూ గ్రాఫ్ గీసే ముందు రెండు లెక్కలూ ఒకే హద్దులవేనా అని అడగండి. కాకపోతే మండలాల లెక్కలు తీసి మీరే కూడుకోండి, శ్రమే, కానీ అదే మీ వ్యాసంలో సొంత పని అవుతుంది.

కొలతల గొడవ ఇంకోటి. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు. శాస్త్ర పత్రాల్లో అదే వరద సెకనుకు సుమారు 99 వేల ఘనపు మీటర్లు అని ఉంటుంది, ఎందుకంటే ఒక ఘనపు మీటరుకు 35.3 ఘనపు అడుగులు. కొలత చూడకుండా ఒకచోట 35 లక్షలు, ఇంకోచోట 99 వేలు చూసి ఒకటి తప్పు అని రాసినవాళ్లున్నారు. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు, ఇవి అక్కడి నీటిమట్టం. ధవళేశ్వరం అడుగులు వేరే కొలబద్ద. రెండూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకూడదు.

ఆనకట్ట సంగతి కూడా చూడండి. కాటన్ ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు మనం బండి మీద దాటే బ్యారేజీ 1982లో పూర్తయింది. "1850లో కాటన్ కట్టిన బ్యారేజీ" అని రాసే సైట్లు ఈ రెంటినీ కలిపేశాయి. ఒక సైట్ ఇంత సులువైన చోట జారిందంటే మిగతా అంకెలు కూడా రెండోసారి చూడాలి.

పత్రిక పేరు చూసి మోసపోకండి

"ఇంటర్నేషనల్ జర్నల్" అని ఉన్నంత మాత్రాన నమ్మలేం. డబ్బు తీసుకుని ఏది పంపినా వేసేసే పత్రికలు వందలున్నాయి. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి కావాలనే తప్పులు పెట్టిన ఒక దొంగ పరిశోధన పత్రాన్ని 304 పత్రికలకు పంపితే 157 ఒప్పుకున్నాయి, సైన్స్ పత్రికలో ఆ కథంతా వచ్చింది. ఐఎస్ఎస్ఎన్ నంబరు ఉందని చూపిస్తారు, అది పత్రికకు గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. నమ్మదగ్గ పత్రికలంటూ యూజీసీ పెట్టిన యూజీసీ-కేర్ జాబితాలో ఉందా అని ఇంకా అడుగుతుంటారు, ఆ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. కాబట్టి మీరే చూడాలి: సంపాదకుల పేర్లు నిజంగా వాళ్ల యూనివర్సిటీ సైట్లలో ఉన్నాయా, రెండు రోజుల్లో ప్రచురిస్తామని చెబుతున్నారా, ఒకే పత్రికలో వ్యవసాయం, గుండె ఆపరేషన్లు, కంప్యూటర్లు అన్నీ వేస్తున్నారా.

మంచి పత్రికలోనూ తప్పులుంటాయి, తేడా ఏమిటంటే అవి వెనక్కి తీసుకుంటాయి. 1998లో టీకాకు, ఆటిజానికి లింకు పెట్టిన వేక్‌ఫీల్డ్ పత్రాన్ని లాన్సెట్ 2010లో రద్దు చేసింది. మీరు వాడే పత్రం రద్దయిందేమో పత్రిక పేజీ మీద చూసుకోండి.

మన తీరం కోత ప్రశ్నకు దొరికే మంచి పత్రం ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. హేమమాలిని, నాగేశ్వరరావు అనే ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు 2004లో కరెంట్ సైన్స్‌లో గోదావరి డెల్టా కోత మీద రాశారు. కరెంట్ సైన్స్ 1932 నుంచి వస్తున్న పత్రిక, పాత సంచికలు ఉచితంగా చదవచ్చు. 1970లతో పోలిస్తే 1990లకు నది తెచ్చే ఒండ్రు సుమారు మూడో వంతుకు పడిపోయిందని, పైన కట్టిన ఆనకట్టల వల్ల తీరం కోసుకుపోతోందని వాళ్ల వాదన. 2009లో నేచర్ జియోసైన్స్‌లో సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను చూసి కుంగిపోతున్న వాటి గురించి రాసింది, అందులో గోదావరి ఉంది. రెండు బృందాలు, వేరే పద్ధతులు, ఒకే దిక్కు. అప్పుడు మీ వాదన నిలబడుతుంది.

వికీపీడియా, వార్తలు, వాట్సాప్, ఏఐ

వికీపీడియాను మొదట చదవండి, ఆధారంగా మాత్రం రాయకండి. కిందున్న మూలాల జాబితా నుంచి అసలు దగ్గరకు వెళ్లండి. తెలుగు పేజీలో లేనిది ఇంగ్లిష్ పేజీలో, ఇంగ్లిష్ పేజీలో లేని మన ఊరి సంగతి తెలుగు పేజీలో ఉంటాయి, రెండూ చూడండి.

వార్తాపత్రిక ఫలానా రోజు ఏం జరిగిందో చెప్పడానికి మంచిది. ఎందుకు జరిగిందో చెప్పడానికి చాలదు. "శాస్త్రవేత్తలు తేల్చారు" అని వార్త ఉంటే ఆ శాస్త్రవేత్తల పత్రం వెతకండి. జిల్లా ఎడిషన్ వార్తలు కొన్నాళ్లకు నెట్‌లో కనిపించకుండా పోతాయి, చూసిన రోజే వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైట్‌లో ఆ లింకు భద్రం చేసుకోండి.

వరదల రోజుల్లో గ్రూపుల్లో తిరిగే వీడియోలు వ్యాసంలోకి రానివ్వకండి. ఎప్పటిదో, ఎక్కడిదో వీడియోకు లంకల పేరు పెట్టి పంపుతారు. ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేస్తే అది అంతకుముందు ఎక్కడ వచ్చిందో చాలాసార్లు తెలిసిపోతుంది.

ఏఐ చాట్‌బాట్లు విషయం అర్థం చేసుకోవడానికి, వెతికే మాటలు సూచించడానికి బాగానే పనికొస్తాయి. ఆధారాల జాబితా అడగడం మాత్రం ప్రమాదం. లేని పత్రానికి నిజమైన పత్రిక పేరు, నమ్మేలా ఉండే రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ పెట్టి ఇస్తాయి. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన లేని తీర్పులను కోర్టులో వేసి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఏఐ ఇచ్చిన ప్రతి పత్రానికీ డీఓఐ నంబరు తీసుకుని, అది ఒక్కో పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, 10తో మొదలవుతుంది, డీఓఐ డాట్ ఓఆర్‌జీ సైట్‌లో వేయండి. తెరుచుకోకపోయినా, తెరుచుకున్న పత్రం వేరే పేరుతో ఉన్నా ఆ వరస కొట్టేయండి. తెరుచుకుంటే చదవండి, చదవకుండా పేరు రాయకండి.

ఆధారాలు ఒకదానితో ఒకటి పడకపోతే

పడకపోవడం మామూలే, కంగారు పడకండి. ముందు కొలతలు, సంవత్సరాలు, హద్దులు ఒకటేనా చూడండి, సగం గొడవలు అక్కడే తీరతాయి. తీరకపోతే ఎవరు కొలిచారు, ఎవరు విన్నది రాశారు అని చూడండి, కొలిచినవాళ్ల మాట ముందు. ఇద్దరూ కొలిచినవాళ్లే అయితే పద్ధతి ఎవరు వివరంగా చెప్పారో చూడండి. అప్పటికీ తేలకపోతే రెండూ రాసి, మీకు ఏది బలంగా అనిపించిందో ఎందుకో చెప్పండి.

చివరి పని మొదటి రోజు నుంచే చేయాలి. ఏ పేజీ తెరిచినా రచయిత, శీర్షిక, పత్రిక, సంవత్సరం, లింకు, చూసిన తేదీ ఒక షీట్‌లో వేసుకోండి, పక్క గడిలో మీ మాటల్లో రెండు వాక్యాలు: వీళ్లు ఏం చెబుతున్నారు, నేను దేనికి వాడతాను. అక్కడున్న వాక్యాన్ని అలాగే కాపీ చేస్తే కోట్స్ పెట్టి పేజీ నంబరు వేయండి, లేకపోతే నెల తర్వాత అది మీ వాక్యమో వాళ్ల వాక్యమో మీకే తెలియదు. మీ కాలేజీ ఏ పద్ధతిలో ఆధారాలు రాయమంటుందో, ఏపీఏనా, ఎంఎల్ఏనా, ముందే అడిగి ఆ పద్ధతిలోనే మొదటి నుంచీ రాసుకోండి. జోటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనంతా చేసిపెడుతుంది, కాలేజీ ల్యాబ్‌లో ఏ కంప్యూటర్‌లోనైనా ఎక్కించుకోవచ్చు, ఫోనే ఉన్నవాళ్లు గూగుల్ షీట్‌లో ఆరు గడులు గీసుకుంటే సరిపోతుంది.